మార్పులు చేసిన ఆఫ్‌రోడ్ వాహనాలలో సస్పెన్షన్ బుష్‌ల ఎంపిక

వాహనపు చట్రానికీ చక్రాలకూ మధ్య ఉండే ఆర్ములు, లింకులు, కమాను పట్టీలు, షాక్ అబ్జార్బర్లు కలిసే ప్రతి కీలు దగ్గరా లోహం లోహాన్ని నేరుగా రాసుకోకుండా అడ్డుగా నిలిచి, అవసరమైన దిక్కున కదలికను ఇచ్చి, అక్కరలేని దిక్కున దాన్ని ఆపే గొట్టం ఆకారపు భాగాన్ని సస్పెన్షన్ బుష్ అంటారు. ఇది చాలావరకు రబ్బరుతోనో పాలీయురేథేన్ అనే కృత్రిమ పదార్థంతోనో తయారవుతుంది. ధరలో చిన్నదే అయినా స్టీరింగు నిలకడ, బ్రేకు వేసినప్పుడు బండి తిన్నగా ఆగడం, టైర్ల అరుగుదల, లోపల కూర్చున్నవారికి తగిలే కుదుపు ఇవన్నీ దాని స్థితిపై ఆధారపడతాయి. ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసి, రాళ్లదారులకు అనువుగా మార్చిన వాహనంలో ప్రతి కీలు తయారీదారు లెక్కించినదానికంటే ఎక్కువ కోణంలో తిరుగుతుంది, ఎక్కువ బలాన్ని భరిస్తుంది. అందువల్ల బుష్ ఎంపిక అంటే కేవలం గట్టి పదార్థాన్ని వెతకడం కాదు. ఒక్కో కీలు ఏ దిక్కున కదలాలో, ఏ దిక్కున కదలకూడదో ముందుగా నిర్ణయించి, ఆ పనికి తగిన పదార్థాన్నీ నిర్మాణాన్నీ అక్కడ అమర్చడం.

పనిచేసే తీరు

సాధారణమైన రబ్బరు బుష్‌లో మూడు పొరలుంటాయి: బోల్టు దూరే లోపలి ఉక్కు గొట్టం, దాని చుట్టూ రబ్బరు, ఆర్మ్ కంటిలో బిగుతుగా కూర్చునే బయటి ఉక్కు గొట్టం. రబ్బరును అచ్చులో వేడిచేసి గట్టిపరిచేటప్పుడే రెండు గొట్టాలకూ రసాయనికంగా అతికిస్తారు కాబట్టి ఇందులో జారే తలం ఉండదు. బోల్టు బిగించాక లోపలి గొట్టం చట్రంతోనూ బయటి గొట్టం ఆర్మ్‌తోనూ ఒకటైపోతాయి, చక్రం పైకీ కిందికీ కదిలిన ప్రతిసారీ మధ్యనున్న రబ్బరు మెలితిరిగి మళ్లీ తన స్థితికి వస్తుంది. గ్రీజు అవసరం లేకపోవడం, దుమ్ము చొరబడే సందు లేకపోవడం ఈ నిర్మాణపు ప్రధాన లాభాలు.

బుష్‌పై పనిచేసే కదలికలు నాలుగు రకాలు. బోల్టు అక్షం చుట్టూ తిరిగేది మెలి. బోల్టుకు అడ్డంగా నొక్కేది వ్యాసార్ధపు ఒత్తిడి. బోల్టు వెంబడి నెట్టేది అక్షీయ ఒత్తిడి. బోల్టునే ఒక పక్కకు వాల్చేది వాలు కదలిక. మంచి బుష్ మెలికి మెత్తగా, వ్యాసార్ధపు ఒత్తిడికి గట్టిగా ఉండాలి. రబ్బరు పొర పలచబడేకొద్దీ వ్యాసార్ధపు దృఢత్వం పెరుగుతుంది గాని మెలితిరిగే వెసులుబాటు తగ్గుతుంది. ఈ రెండింటి మధ్య తూకమే బుష్ రూపకల్పనలోని అసలు సమస్య. కొన్ని బుష్‌ల రబ్బరులో కావాలనే ఖాళీలు విడిచిపెడతారు. వాటివల్ల ఒక దిక్కున మెత్తదనం, దానికి అడ్డంగా ఉన్న దిక్కున గట్టిదనం వస్తాయి కాబట్టి అలాంటి బుష్‌ను తయారీదారు గుర్తుపెట్టిన కోణంలోనే కూర్చోబెట్టాలి.

భరించవలసిన బలాల పరిమాణం ఒక ఉదాహరణతో తెలుస్తుంది. జోడు ఆర్ముల ముందు సస్పెన్షన్‌లో ఆర్మ్‌ను చక్రానికి కలిపే కింది బాల్ జాయింట్ నేలకు 200 మిల్లీమీటర్ల ఎత్తున, పైది 500 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నాయనీ, గట్టిగా బ్రేకు వేసినప్పుడు నేల ఒక్కో ముందు చక్రాన్ని 400 కిలోల బరువుకు సమానమైన బలంతో వెనక్కి నెడుతుందనీ అనుకుంటే, తులాదండ సూత్రం ప్రకారం కింది ఆర్మ్ మీద 660 కిలోలకు పైగా బలం పడుతుంది. వ్యాసార్ధం 25 మిల్లీమీటర్లు ఎక్కువున్న టైర్లు వేస్తే రెండు కీళ్లూ నేలకు అంతమేర దూరమై, అదే బ్రేకు బలానికి కింది ఆర్మ్ మీది భారం 700 కిలోలకు చేరుతుంది. పెద్ద టైర్లు వేసిన బండిలో కింది ఆర్మ్ బుష్‌లు ముందుగా చిరగడానికి ఇదొక కారణం.

చారిత్రక వికాసం

తొలినాటి మోటారు వాహనాలలో కమాను పట్టీల చివరి కళ్లలో కంచు బుష్‌లు ఉండేవి. వాటికి తరచూ గ్రీజు పట్టించాలి, లేకపోతే పిన్ను అరిగి కన్ను వదులయ్యేది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో రబ్బరును వేడిచేసి గట్టిపరచే పద్ధతిని కనుగొన్న తరువాత, ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో రబ్బరును లోహానికి నమ్మకంగా అతికించే విధానాలు వచ్చాక, గ్రీజు అక్కరలేని రబ్బరు బుష్‌లు వ్యాపించాయి. 1937లో జర్మనీలోని లెవర్కూజెన్‌లో ఓటో బేయర్ బృందం కనుగొన్న పాలీయురేథేన్ ఆ తరువాతి దశాబ్దాలలో పందెపు వాహనాలలోకీ, అక్కడినుంచి రోడ్డు వాహనాలలోకీ వచ్చింది.

భారతదేశంలో ఈ వికాసమంతా జీపుల వరుసలో కనిపిస్తుంది. మహీంద్రా సంస్థ 1940ల చివరినుంచి కూర్చిన విల్లీస్ జీపులకూ, 1985లో వచ్చిన మారుతి జిప్సీకీ ముందూ వెనకా కమాను పట్టీలే ఉండేవి. 2010 నాటి మహీంద్రా థార్‌లో ముందు చక్రాలకు విడివిడి ఆర్ములు, వెనక కమాను పట్టీలు ఉండగా, 2020 థార్‌లో వెనక ఇరుసును పలు లింకులతో, కాయిల్ స్ప్రింగులతో నిలిపారు. 2023లో భారత మార్కెట్లోకి వచ్చిన మారుతి జిమ్నీలో రెండు ఇరుసులూ మూడు లింకుల అమరికతో ఉన్నాయి. అమరికలో లింకులు పెరిగేకొద్దీ బుష్‌ల సంఖ్య పెరిగింది, ఒక్కోదానికి అప్పజెప్పిన పని మరింత ప్రత్యేకమైంది.

తిరుపతి, చిత్తూరు ప్రాంతపు పరిస్థితులు

ఈ అంశానికి దక్షిణ రాయలసీమతో ప్రత్యక్ష సంబంధముంది. అప్పట్లో చిత్తూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లాలో భాగమైన శ్రీసిటీలో ఇసుజు మోటార్స్ ఇండియా కర్మాగారం 2016లో ప్రారంభమైంది. దేశంలో ఆఫ్‌రోడ్ మార్పులకు ఎక్కువగా ఎంచుకునే వాహనాలలో ఒకటైన డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పికప్ అక్కడే తయారవుతుంది. ఆ బండికి ముందు జోడు ఆర్ములు, కాయిల్ స్ప్రింగులు, వెనక కమాను పట్టీలు ఉంటాయి కాబట్టి రెండు భిన్నమైన బుష్ సమస్యలు ఒకే వాహనంలో ఎదురవుతాయి.

ప్రాంతపు నేల స్వభావం కూడా ఎంపికను ప్రభావితం చేస్తుంది. తిరుమల కొండల పైభాగం క్వార్ట్‌జైట్ రాయి. దాని కింద చాలా పురాతనమైన గ్రానైట్ ఉంది, ఈ రెండింటి మధ్య దాదాపు 80 కోట్ల సంవత్సరాల కాలవ్యవధిని చూపే ఎపార్కియన్ విషమవిన్యాసం తిరుమల ఘాట్ రోడ్డు పక్కనే కనిపిస్తుంది. ఈ రాళ్లు శిథిలమై ఏర్పడిన కొండవాలు మట్టిలోనూ, స్వర్ణముఖి వంటి నదుల ఇసుకలోనూ క్వార్ట్‌జ్ రేణువులు సమృద్ధిగా ఉంటాయి. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోహ్స్ మానంలో క్వార్ట్‌జ్‌ది 7వ స్థానం, అంటే అది మామూలు ఉక్కును గీయగలదు. జారే తలమున్న బుష్‌లోకి ఈ ఇసుక చేరి గ్రీజులో కలిస్తే లోపలి గొట్టాన్ని సానబట్టినట్టు అరగదీస్తుంది.

ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే వేడి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు తెచ్చే కుండపోత వానలు, మామిడితోటల మట్టిబాటలు, మొగిలి, భాకరాపేట ఘాట్లు, 1944లోనూ 1974లోనూ తెరిచిన తిరుమల రెండు ఘాట్ రోడ్ల వరుస మలుపులు, వీటన్నిటినీ ఒకే వాహనం ఎదుర్కోవలసి వస్తుంది. కొండబాటలో సౌలభ్యంకోసం చేసిన మార్పు తిరుమల నుంచి కిందికి దిగేటప్పుడు, పదే పదే బ్రేకు వేస్తూ హెయిర్‌పిన్ మలుపులు తిరిగేటప్పుడు అపాయకరంగా మారకూడదు. ఈ ప్రాంతంలో బుష్ ఎంపికకు ఇదే మొదటి కొలబద్ద.

పదార్థాలు

రబ్బరు, పాలీయురేథేన్‌ల గట్టిదనాన్ని షోర్ ఏ అనే మానంలో చెబుతారు. సస్పెన్షన్ బుష్‌లలో రబ్బరు సాధారణంగా 50 నుంచి 70 వరకు, పాలీయురేథేన్ 75 నుంచి 95 వరకు ఉంటాయి. అయితే ఈ అంకె పదార్థపు ఉపరితలం ఎంత లొంగుతుందో చెబుతుందే తప్ప, అమర్చిన బుష్ ఎంత దృఢంగా ఉంటుందో పూర్తిగా చెప్పదు. ఒకే అంకె గల రెండు బుష్‌లు గోడ మందాన్ని బట్టి, ఖాళీలను బట్టి పూర్తిగా వేరుగా ప్రవర్తించవచ్చు.

సహజ రబ్బరు బాగా సాగినప్పుడు దాని అణుమాలలు వరుసగా పేరుకుని తాత్కాలికంగా స్ఫటికరూపం పొందుతాయి, అందువల్ల చిన్న చిరుగు వెంటనే పెద్దది కాదు. అన్ని దిక్కులకూ లొంగగలగడం, కుదుపులోని శక్తిని కొంత వేడిగా మార్చి అణచడం దాని బలాలు. 70 డిగ్రీల పైన ఎక్కువకాలం ఉంటే గట్టిపడిపోవడం, గాలిలోని ఓజోన్‌కు పగుళ్లుబారడం, ఖనిజ తైలం తగిలితే ఉబ్బి మెత్తబడడం దాని బలహీనతలు. తుప్పు పట్టకుండా బండి అడుగుభాగమంతా వాడిన ఆయిల్‌ను పిచికారీ చేయించే అలవాటు రబ్బరు బుష్‌ల ఆయుష్షును నేరుగా తగ్గిస్తుంది.

పాలీయురేథేన్ బుష్ సాధారణంగా రెండు సగాలుగా వచ్చి, మధ్యలో ఉక్కు గొట్టంతో కూర్చబడుతుంది. అది గొట్టానికి అతికి ఉండదు. గొట్టం చుట్టూ జారుతూ తిరుగుతుంది కాబట్టి మెలి పరంగా దానికి హద్దు లేదు, స్ప్రింగులా వెనక్కి లాగే గుణమూ ఉండదు. అరుగుదలను, తైలాలను బాగా తట్టుకుంటుంది. అయితే వాలు కదలికకు అది సులభంగా లొంగదు, జారే తలానికి గ్రీజు ఎండిపోతే కిర్రుమనే చప్పుడు వస్తుంది, దుమ్ము చేరితే గొట్టం అరుగుతుంది. ఇందులో పాలీఎస్టర్ ఆధారితం, పాలీఈథర్ ఆధారితం అని రెండు కుటుంబాలున్నాయి. మొదటిది తేమ, వేడి కలిసినచోట నీటితో రసాయనికంగా చర్య జరిపి క్రమేణా విచ్ఛిన్నమవుతుంది, రెండోది నీటిని మెరుగ్గా తట్టుకుంటుంది కాబట్టి వాగులు దాటే బండికి అదే తగినది.

గోళాకార కీళ్లు మూడో తరగతి. లోపల ఉక్కు గోళం, దాని చుట్టూ గట్టి ప్లాస్టిక్ లేదా లోహపు గిన్నె ఉండే ఈ కీళ్లు అన్ని దిక్కులకూ 20 డిగ్రీలు దాటి కూడా తిరగగలవు, అదే సమయంలో వ్యాసార్ధపు దిక్కున దాదాపు కదలవు. నేల చప్పుడునంతా చట్రానికి చేరవేయడం, దుమ్ములో త్వరగా వదులవడం వీటి లోపాలు. ద్రవం నింపిన బుష్‌లు మెత్తని ప్రయాణంకోసం రోడ్డు కార్లలో వాడేవి. రాళ్లదారిలో పగిలితే ద్రవం కారిపోయి పనికిరాకుండా పోతాయి కాబట్టి ఆఫ్‌రోడ్ బండికి అరుదుగా తగుతాయి.

ఎత్తు పెంచినప్పుడు వచ్చే మార్పులు

స్ప్రింగులు మార్చి చట్రాన్ని 50 మిల్లీమీటర్లు పైకెత్తితే, 350 మిల్లీమీటర్ల పొడవున్న ఆర్మ్ తన పూర్వస్థితినుంచి సుమారు 8 డిగ్రీలు కిందికి వాలుతుంది. అతికిన రబ్బరు బుష్ బోల్టును వదులుచేయకుండా ఈ మార్పు చేస్తే, బండి కదలక నిలిచి ఉన్నప్పుడు కూడా రబ్బరు ఆ 8 డిగ్రీలు మెలితిరిగే ఉంటుంది. చక్రం గుంతలోకి దిగినప్పుడు ఆ మెలి మరింత పెరిగి, కొద్దికాలంలోనే రబ్బరు గొట్టంనుంచి ఊడిపోతుంది. కొత్త లిఫ్ట్ కిట్ వేసిన బండ్లలో తయారీదారు బుష్‌లు త్వరగా పాడవడానికి రబ్బరు నాణ్యతకంటే ఈ బిగింపు లోపమే ఎక్కువ కారణం.

రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసున్న వాహనంలో మరో మార్పు వస్తుంది. ఒక చక్రం 200 మిల్లీమీటర్లు పైకి, రెండోది 200 మిల్లీమీటర్లు కిందికి వెళితే, 1500 మిల్లీమీటర్ల చక్రాల ఎడమున్న ఇరుసు దాదాపు 15 డిగ్రీలు వాలుతుంది. ఇరుసును పట్టి ఉంచే ఒక్కో లింకు తన పొడవు చుట్టూ అంతమేర మెలితిరగాలి. రెండు చివరల బుష్‌లూ దీన్ని పంచుకుంటే ఒక్కోదాని వాటా 7 డిగ్రీలకు పైబడుతుంది. మెత్తని రబ్బరు దీనికి లొంగుతుంది, 90 షోర్ పాలీయురేథేన్ లొంగదు; అది లొంగనప్పుడు ఆ బలం బ్రాకెట్టు మీదా అతుకుల మీదా పడుతుంది, చక్రం నేలను విడిచి లేస్తుంది.

ముందు ఇరుసు వాలుకోణం కూడా మారుతుంది. స్టీరింగు అక్షం పక్కనుంచి చూస్తే వెనక్కి ఒరిగి ఉండే కోణాన్ని కాస్టర్ అంటారు. మలుపు తరువాత స్టీరింగు దానంతటదే తిన్నబడేది చాలావరకు దీనివల్లే. 900 మిల్లీమీటర్ల పొడవున్న ముందు ఆర్మ్‌తో నిలిచిన ఇరుసున్న బండిని 50 మిల్లీమీటర్లు ఎత్తితే కాస్టర్ సుమారు 3 డిగ్రీలు తగ్గి, స్టీరింగు నిలకడ కోల్పోతుంది. బోల్టు రంధ్రం మధ్యలో కాకుండా పక్కకు జరిగి ఉండే ప్రత్యేక బుష్‌లు ఈ కోణాన్ని తిరిగి తేవడానికి ఉన్నాయి.

స్థానాన్ని బట్టి ఎంపిక

కమాను పట్టీల కళ్లు, పట్టీ చివరను చట్రానికి వేలాడదీసే షాకిల్ బుష్‌లు ప్రధానంగా ఒకే అక్షం చుట్టూ తిరుగుతాయి కాబట్టి పాలీయురేథేన్‌కు ఇవి అనువైన స్థానాలు. వీ-క్రాస్, పాత థార్, జిప్సీ వంటి బండ్లలో గ్రీజు నిపుల్ ఉన్న షాకిల్ పిన్నులతో 80 షోర్ పరిధిలోని పాలీయురేథేన్ వాడితే బరువు మోసేటప్పుడు పక్కకు ఊగడం తగ్గుతుంది. రాళ్లమీద కమాను మెలితిరగడం ఎక్కువ అవసరమయ్యే బండికి మాత్రం ఒక చివరనైనా రబ్బరు ఉంచడం మేలు.

జోడు ఆర్ముల ముందు సస్పెన్షన్‌లో బ్రేకు వేసినప్పుడు ఎక్కువ భారాన్ని కింది ఆర్మ్ బుష్‌లు మోస్తాయి. ఘాట్ రోడ్లలో నిలకడకోసం ఇక్కడ తయారీదారు రబ్బరుకంటే కొంచెం గట్టిదైన రబ్బరు గాని, మధ్యస్థపు పాలీయురేథేన్ గాని అమర్చవచ్చు. పై ఆర్మ్ మీద భారం తక్కువ, తిరిగే కోణం ఎక్కువ కాబట్టి అక్కడ స్వేచ్ఛగా తిరగడానికి ప్రాధాన్యమివ్వాలి.

జిమ్నీ తరహా ముందు ఇరుసులో ఒక్కో ఆర్మ్ ఇరుసును రెండు బుష్‌లతో, చట్రాన్ని ఒక బుష్‌తో పట్టుకుంటుంది. ఈ అమరికలో ఇరుసు వాలాలంటే ఆ బుష్‌లు నలగడం తప్ప మరో దారి లేదు. కదలికంతా రబ్బరు మెత్తదనంలోనే ఇమిడి ఉంది. అందుకే ఇక్కడ పూర్తిగా గట్టి పాలీయురేథేన్ వేస్తే ముందు ఇరుసు మొత్తం బండి పక్కకు ఒరగకుండా ఆపే లావుపాటి యాంటీరోల్ కడ్డీలా బిగుసుకుపోతుంది. కాస్టర్ దిద్దుబాటు అవసరమైతే రంధ్రం పక్కకు జరిగిన రబ్బరు బుష్‌లను, లేదా కొత్త కోణంతో తయారైన ఆర్ములలో రబ్బరు బుష్‌లను ఎంచుకోవాలి.

ఇరుసును అడ్డంగా పట్టి ఉంచే పాన్‌హార్డ్ కడ్డీ విషయం దీనికి భిన్నం. దాని బుష్‌లు వదులైతే స్టీరింగు తిప్పినప్పుడు ఇరుసు పక్కకు జరిగి, ఒక వేగం దగ్గర ముందు చక్రాలు విపరీతంగా వణుకుతాయి. ఇక్కడ వ్యాసార్ధపు దృఢత్వమే ముఖ్యం కాబట్టి పాలీయురేథేన్ సమంజసం. 2020 థార్ వెనక ఇరుసు వంటి పలు లింకుల అమరికలో ఒక్కో లింకుకు ఒక చివర రబ్బరు, మరో చివర తిరిగి బిగించుకోగల గోళాకార కీలు పెడితే కదలికా, చప్పుడు అణచడమూ రెండూ కొంతమేర దక్కుతాయి. యాంటీరోల్ కడ్డీ బుష్‌లకు, షాక్ అబ్జార్బర్ల చివరి బుష్‌లకు నష్టభయం తక్కువ. పదార్థం మార్చి ఫలితం గమనించాలనుకునేవారు వీటితో మొదలుపెట్టడం వివేకం.

బిగింపు, సంరక్షణ

పాత బుష్‌ను గ్యాసు మంటతో కాల్చి తీయడం, సుత్తితో కొట్టి కొత్తదాన్ని ఎక్కించడం ఆర్మ్ కంటిని వంకరచేస్తాయి. హైడ్రాలిక్ ప్రెస్‌తో, సరైన కొలత గల గొట్టపు అచ్చు ఆనించి ఎక్కించాలి. రబ్బరు బుష్‌ను జార్చడానికి సబ్బునీరు వాడాలి, ఇంజను ఆయిల్ గాని మామూలు గ్రీజు గాని వాడకూడదు. పాలీయురేథేన్‌కు తయారీదారు ఇచ్చిన సిలికోన్ గ్రీజు పట్టించాలి. అతికిన రబ్బరు బుష్‌ల బోల్టులను బండి తన చక్రాల మీద నిలిచి, మామూలుగా మోసే బరువుతో ఉన్నప్పుడే చివరి బిగింపు బిగించాలి. ఆ తరువాత చక్రాల అలైన్‌మెంట్ తప్పనిసరి.

తనిఖీలో రబ్బరు అంచున పగుళ్లు, లోహంనుంచి విడిన గీత, పక్కకు జరిగిన లోపలి గొట్టం చూడాలి. పొడవైన ఇనుపకడ్డీతో ఆర్మ్‌ను మీటితే అరిగిన బుష్ ఆట బయటపడుతుంది. బ్రేకు వేసినప్పుడు బండి ఒకవైపుకు లాగడం, గతుకుల్లో టకటక చప్పుడు, టైరు ఒక అంచున అరగడం మరికొన్ని సూచనలు. ఇసుక వాగులు దాటే బండిలో గ్రీజు నిపుల్ ఉన్న కీళ్లకు, పాత గ్రీజుతోపాటు ఇసుక బయటికి వచ్చేదాకా కొత్త గ్రీజు ఎక్కించాలి.

చట్టపరమైన హద్దులు

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని స్పష్టంగా సమర్థించింది. అరిగిన బుష్ స్థానంలో అదే పని చేసే మరో బుష్ వేయడం మరమ్మతు కిందికి వస్తుంది గాని, ఎత్తు, టైరు కొలత, ఇరుసు అమరిక మార్చేముందు రవాణా శాఖ నిబంధనలు తెలుసుకోవాలి. శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం, కౌండిన్య అభయారణ్యం వంటి రక్షిత అడవులలోకి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అనుమతి లేకుండా ప్రవేశించరాదు. ఎర్రచందనం సహజంగా పెరిగే శేషాచలం అడవులు వాహన విహారానికి మైదానాలు కావు. ఆఫ్‌రోడ్ అభిరుచి సొంత తోటలకు, అనుమతి ఉన్న బాటలకు పరిమితం కావాలి.

ఎంపిక క్రమం

ఏ వాహనానికైనా ఎంపిక ఒక వరుసలో సాగాలి. ముందుగా ఇప్పుడున్న బుష్‌ల స్థితిని పరీక్షించి, లోపం అరుగుదలదో బిగింపుదో తేల్చాలి, ఎందుకంటే తయారీదారు రబ్బరు కొత్తది వేసి సరైన ఎత్తులో బిగించడంతోనే చాలా సమస్యలు తీరతాయి. తరువాత పెంచిన ఎత్తుకు ఒక్కో కీలు ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో లెక్కించి, ఒకే అక్షం చుట్టూ తిరిగేచోట పాలీయురేథేన్‌ను, అనేక దిక్కులకు లొంగవలసినచోట రబ్బరును, రెండూ చాలనంత కోణం అవసరమైనచోట మాత్రమే గోళాకార కీలును ఎంచుకోవాలి. మార్పులన్నీ ఒకేసారి చేయకుండా ఒక స్థానం తరువాత మరొకటి మారుస్తూ, ప్రతి దశలోనూ బండిని మట్టిబాటలోనూ తారురోడ్డు మీదా బ్రేకు వేసి, మలుపు తిప్పి పరీక్షించాలి. బుష్ అరగడం లోపం కాదు, ఖరీదైన ఆర్మ్, బ్రాకెట్టు, చట్రం అరగకుండా తాను అరగడమే దాని పని. ఎన్నటికీ లొంగని బుష్‌ను వెతికేవారు ఆ అరుగుదలను చట్రానికి బదిలీ చేస్తున్నారని గ్రహించాలి.